వెలోసిరాప్టర్‌కి ఈకలా? ఆర్కియోప్టెరిక్స్ అసలు పక్షేనా? ఎవరైనా విడమరిచి చెప్పండి

చిట్టితల్లి_నాన్న
మా అమ్మాయికి పదేళ్లు. నిన్న వెలోసిరాప్టర్ బొమ్మ వేసి తెచ్చింది. చేతుల నిండా ఈకలు, తోక చివర విసనకర్రలా ఇంకొన్ని. "రాక్షసబల్లికి ఈకలేంటమ్మా, చెరిపేసి పొలుసులు వెయ్యి" అన్నాను. మొహం ముడుచుకుని వెళ్లి, తన పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చూస్తే తనదే కరెక్ట్.

ఆ పట్టుదలతో రాత్రి రెండింటి దాకా చదివాను. చదివినకొద్దీ గందరగోళం పెరిగింది. ఆర్కియోప్టెరిక్స్ మొదటి పక్షి అని ఒకచోట, 2011లో దాన్ని పక్షుల కొమ్మలోంచి తీసేశారని ఇంకోచోట, 2013లో మళ్లీ చేర్చారని మరోచోట. ఒక్కో శిలాజం దొరికినప్పుడల్లా వంశవృక్షం మారిపోతుంటే, పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయన్న మాటను ఏ ధైర్యంతో నమ్మాలి? వాదనకు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నా. పిల్ల అడిగితే చెప్పాలి కదా.

తోకచుక్క
ముందు పిల్లకి సారీ చెప్పండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

చిట్టితల్లి_నాన్న
పొద్దున్నే చెప్పేశాను. బొమ్మ చెరపలేదు, అదృష్టం.

రాతిపొర
మొదట వెలోసిరాప్టర్ సంగతి, ఎందుకంటే అక్కడ సందేహానికి చోటు లేదు. మంగోలియాలో 1998లో దొరికిన ఒక వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద వరసగా 6 చిన్న బుడిపెలు ఉన్నాయని 2007లో ప్రకటించారు. ఇవాళ్టి పక్షుల్లో రెక్క ఈక మొదలు ఎముకకి అతుక్కునే చోట సరిగ్గా అలాంటి బుడిపెలే ఉంటాయి. వాటి మధ్య ఎడం కొలిస్తే, ఆ చేతికి పెద్ద ఈకలు 14 దాకా ఉండి ఉంటాయని లెక్క తేలింది. ఈక మిగల్లేదు, ఈక దిగబడిన గుర్తు మిగిలింది.

ఇక వంశవృక్షం మారిపోతోందన్న మాట. మారేది కొమ్మల చివర. మాను కదల్లేదు. ఆర్కియోప్టెరిక్స్‌ని 2011లో ఎక్కడికి జరిపారు? డైనోసార్ల నుంచి తీసి మొసళ్ల పక్కన పెట్టలేదు కదా. పక్షుల కొమ్మ మీంచి తీసి, దాన్ని ఆనుకుని ఉన్న వెలోసిరాప్టర్ల కొమ్మ మీద పెట్టారు. ఇంట్లో ఒక గదిలోంచి పక్క గదిలోకి. ఇల్లు అదే.

సందేహాలరావు
రాతిపొర గారూ, అంత తేలిగ్గా తీసేస్తే ఎలా? ఆర్కియోప్టెరిక్స్ వయసు 15 కోట్ల ఏళ్లు. వెలోసిరాప్టర్ వయసు ఏడున్నర కోట్ల ఏళ్లు. తాత కంటే ముందు మనవడు పుట్టాడంటే ఒప్పుకోవాలా? ఈ ప్రశ్నకి నాకు ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

మట్టిమనిషి
వెలోసిరాప్టర్ పక్షులకి తాత అని ఎవరన్నారండీ? దాయాది అన్నారు. మీ పెదనాన్న మనవడు మీకంటే ఇరవై ఏళ్ల తర్వాత పుట్టొచ్చు. అంతమాత్రాన మీరిద్దరూ ఒక ఇంటివాళ్లు కాకుండా పోరు.

రాతిపొర
మట్టిమనిషి చెప్పింది నిజం. ఇంకో మాట కూడా ఉంది. సందేహాలరావు గారు లేవనెత్తిన ప్రశ్న ఒకప్పుడు బరువైనదే, ఎందుకంటే అప్పట్లో ఆర్కియోప్టెరిక్స్ కంటే పాతవైన ఈకల డైనోసార్లు చేతిలో లేవు. 2009లో చైనాలోని లియావోనింగ్ ప్రాంతం నుంచి ఆంకియోర్నిస్ పూర్తి శిలాజం వచ్చింది. కాకి అంత ప్రాణి. చేతులకీ కాళ్లకీ, ఆఖరికి పాదాలకీ కూడా ఈకలే. వయసు దాదాపు 16 కోట్ల ఏళ్లు. అంటే ఆర్కియోప్టెరిక్స్ కంటే కోటి ఏళ్లు ముందు. ఆ లోటు అలా పూడిపోయింది.

సందేహాలరావు
సరే, ఆ సమాధానం ఒప్పుకుంటున్నా. ఆంకియోర్నిస్ గురించి చదువుతాను. కానీ ఈ చైనా శిలాజాల మీద నాకు నమ్మకం తక్కువ. 1999లో ఆర్కియోరాప్టర్ పేరుతో ఎంత గొడవ జరిగిందో మర్చిపోయారా?

నిశాచరి
మర్చిపోలేదు, నేను అప్పుడు కాలేజీలో ఉన్నా. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఆ బొమ్మ చూసి ఎంత సంబరపడ్డానో. డైనోసార్ తోక, పక్షి ఒళ్లు. కొన్ని నెలల్లోనే అతుకుల బొంత అని తేలింది. ఒక పక్షి శిలాజానికి ఇంకో చిన్న డైనోసార్ తోక అతికించారు. చాలా బాధేసింది.

రాతిపొర
అది బయటపెట్టింది ఎవరో కూడా చెప్పుకోవాలి. టిమ్ రో అనే శాస్త్రవేత్త సీటీ స్కాన్ తీసి, ముక్కలు ఒకదానికొకటి సంబంధం లేనివని ముందే అనుమానించారు. చైనాకి చెందిన షు షింగ్ చైనాలో ఆ తోకకి అసలు జోడీ రాయి పట్టుకున్నారు. ఇలాంటి పలక రాళ్లు పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోతాయి, శిలాజం రెండు వైపులా అచ్చు పడుతుంది. రెండో పలక మీద అదే తోక ఉంది, కానీ ఒళ్లు వేరే. ఆ తోక సొంతదారే మైక్రోరాప్టర్ అనే చిన్న డైనోసార్. ఒళ్లు యానోర్నిస్ అనే పక్షిది. మోసగాడి అతుకు తీసేస్తే రెండు నిజమైన, విలువైన శిలాజాలు మిగిలాయి.

సందేహాలరావు
జోడీ రాయి సంగతి తెలియదు. ఈ పాయింట్ నచ్చింది.

తోకచుక్క
అప్పటి నుంచి జాగ్రత్త కూడా బాగా పెరిగింది. 2017లో ప్రకటించిన హల్స్‌కరాప్టర్ చూడండి. హంస మెడ, తెడ్లలాంటి పొట్టి చేతులు, కాలికి కొడవలి గోరు. మొదట చూసినవాళ్లకి ఇదీ అతుకుల బొంతేనని అనుమానం వచ్చింది, పైగా మంగోలియా నుంచి దొంగతనంగా తరలిపోయిన రాయి. అందుకే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం ఇచ్చే శక్తిమంతమైన ఎక్స్‌రేలతో రాయి లోపలికి చూశారు. బయటికి కనిపించని ఎముకలు కూడా వరసగా, ఒకే ప్రాణివిగా లోపల ఉన్నాయి. అప్పుడుగానీ పేరు పెట్టలేదు.

విహంగప్రియ
నాకు వంశవృక్షాల గొడవ అంతగా పట్టదు. నన్ను కదిలించింది ఒక్క శిలాజం, మేయ్ లాంగ్. 2004లో వచ్చింది, చైనాదే, పన్నెండున్నర కోట్ల ఏళ్ల నాటిది. అర మీటరు పొడవు. కాళ్లు ఒంటి కింద మడుచుకుని, తోక చుట్టూ తిప్పుకుని, తల వెనక్కి తిప్పి ముంజేతి పక్కన దూర్చుకుని పడుకుని ఉంది. ఆ పేరుకి అర్థమే నిద్రపోతున్న డ్రాగన్.

మా బాల్కనీలో పావురం జంట ఉంటుంది. చలి రోజుల్లో తెల్లవారుజామున లేచి చూస్తే మగది సరిగ్గా అలాగే ఉంటుంది. ఉబ్బిన ఈకల బంతి, మెడ ఎక్కడుందో తెలీదు, ముక్కు వీపు ఈకల్లో దూరి ఉంటుంది. ఒంటి వేడి పోకుండా చేసే పని అది. మేయ్ లాంగ్ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థమైంది, ఇది ఎముకల పోలిక ఒక్కటే కాదు, అలవాటు పోలిక. రాత్రి చల్లగా ఉంటే ఏం చేయాలో దానికీ తెలుసు.

చిట్టితల్లి_నాన్న
విహంగప్రియ గారూ, ఇది చదివి ఫొటో వెతికి మా అమ్మాయికి చూపించాను. "పడుకున్నప్పుడే చచ్చిపోయిందా నాన్నా" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

విహంగప్రియ
అవునని చెప్పండి. అగ్నిపర్వతాలు ఎక్కువున్న చోటు, నిద్రలోనే కప్పబడిపోయి ఉంటుందని అనుకుంటున్నారు. 2012లో రెండో మేయ్ లాంగ్ గురించి రాశారు, అదీ అదే భంగిమలో పడుకుని ఉంది. నొప్పి తెలియకుండానే పోయి ఉంటాయని నేనైతే అనుకుంటాను.

పశువైద్యుడు_77
విహంగప్రియ గారు అలవాటు గురించి చెప్పారు, నేను లోపలి సంగతి చెబుతా. పక్షుల వైద్యం చేస్తాను. మొదట్లో మా సీనియర్ నన్ను గట్టిగా హెచ్చరించింది ఒక విషయంలో. పావురం భుజం ఎముక విరిగి బయటికి వస్తే, కుక్కకి కడిగినట్టు ఆ గాయాన్ని ధారగా సెలైన్ పోసి కడగకూడదు. ఆ ఎముక బోలు. లోపలి ఖాళీ గాలి సంచితో కలిసి ఉంటుంది, గాలి సంచి ఊపిరితిత్తితో కలిసి ఉంటుంది. నీళ్లు పోస్తే పిట్ట మునిగిపోతుంది. విరిగిన ఎముక చివర తడి బుడగ ఉబ్బడం, తగ్గడం నా కళ్లతో చూశాను. ఎముక గుండా గాలి ఆడుతోంది! 18వ శతాబ్దంలోనే జాన్ హంటర్ ఈ సంగతి ప్రయోగం చేసి చూపించారు.

ఇప్పుడు డైనోసార్ల దగ్గరికి రండి. మాంసాహార డైనోసార్ల వెన్నెముకల్లో సరిగ్గా ఇలాంటి రంధ్రాలూ గదులూ ఉన్నాయి. మడగాస్కర్‌లో దొరికిన మజుంగాసారస్ ఎముకలను ఇవాళ్టి పక్షుల ఎముకలతో పోల్చి, దానికీ గాలి సంచుల ఏర్పాటు ఉందని 2005లో ఒక పరిశోధన తేల్చింది. మజుంగాసారస్ ఎగిరేది కాదు, బరువైన వేటజంతువు. పక్షులకి దగ్గరి చుట్టం కూడా కాదు. అంటే ఈ ఊపిరి యంత్రం ఎగరడం కోసం పుట్టింది కాదు. చాలా ముందు నుంచే ఉంది. ఎగరడం మొదలయ్యాక ఆ పనికీ అక్కరకొచ్చింది.

నిశాచరి
విరిగిన ఎముక చివర బుడగ... ఇది నాకు చాలా రోజులు గుర్తుంటుంది డాక్టర్ గారూ.

మట్టిమనిషి
డాక్టర్ గారు చెప్పినదాన్నే పట్టుకోండి. పక్షి లక్షణాలు అని మనం అనుకునేవన్నీ పక్షుల కంటే ముందే విడివిడిగా వచ్చాయి. ఈకలు ముందే వచ్చాయి, 1996లో బయటపడ్డ సైనోసారాప్టెరిక్స్ ఒళ్లంతా నూగు, అది ఎగిరే ప్రశ్నే లేదు. గుడ్ల మీద కూర్చోవడం ముందే వచ్చింది. మెడ కింద వి ఆకారపు ఎముక ముందే వచ్చింది, టైరనోసారస్‌కీ ఉంది.

రాతిపొర
ఆ వి ఎముక కథ వేరే చెప్పాలి. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ఇంతకంటే పెద్ద పాఠం లేదు. డెన్మార్క్‌కి చెందిన గెర్హార్డ్ హైల్మన్ అనే చిత్రకారుడు పక్షుల పుట్టుక మీద పెద్ద పుస్తకం రాశాడు, ఇంగ్లీషులో 1926లో వచ్చింది. పక్షులకీ మాంసాహార డైనోసార్లకీ ఉన్న పోలికలన్నీ ఆయనే పూసగుచ్చినట్టు చూపించాడు. చివర్లో మాత్రం ఒక్క కారణంతో వెనక్కి తగ్గాడు. డైనోసార్లకి వి ఎముకగా మారే ఆ మెడ కింది ఎముకలు (కాలర్ బోన్స్) కనిపించడం లేదు, ఒకసారి పోయిన ఎముక మళ్లీ రాదు, కాబట్టి పక్షులు వీటి నుంచి రాలేదు అన్నాడు. దాదాపు నలభై ఏళ్లు అందరూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నారు.

తమాషా ఏమిటంటే, ఆ ఎముక అప్పటికే బయటపడింది. 1923లో మంగోలియాలో తవ్విన ఓవిరాప్టర్ అనే డైనోసార్‌లో ఉంది. దాన్ని వేరే ఎముక అనుకున్నారు. కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

తోకచుక్క
పాపం ఆ ఓవిరాప్టర్‌కి అన్నీ అలాగే జరిగాయి. గుడ్ల పక్కన దొరికిందని గుడ్ల దొంగ అని పేరు పెట్టేశారు. 1993లో అలాంటి గుడ్డులోనే ఓవిరాప్టర్ జాతి పిండం కనిపించింది. ఆ తర్వాత దాని చుట్టం సిటిపాటి గూటి మీద చేతులు చాపి పొదుగుతూ దొరికింది. దొంగ కాదు, అమ్మో నాన్నో. పేరు మాత్రం నిబంధనల ప్రకారం మార్చడానికి లేదు.

విహంగప్రియ
ఆ చేతుల ఈకలు గుడ్ల అంచు దాకా కప్పి ఉండేవేమో. పొదిగే కోడిని చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

పిండశాస్త్రం
ఇంతవరకు అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి అడ్డం పడుతున్నా. వేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. డైనోసార్ల చేతిలో మిగిలినవి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఎముకలు అలాగే చెబుతాయి. కానీ కోడి పిండంలో రెక్క వేళ్లు మొలకెత్తే చోటు చూస్తే అవి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ల స్థానాలు. నేను పిండాల స్లయిడ్లు ఏళ్ల తరబడి చూసినదాన్ని. ఇది చిన్న తేడా కాదు. ఒకప్పుడు దీన్ని పట్టుకునే కొందరు డైనోసార్ల వాదాన్ని తోసిపుచ్చారు.

సందేహాలరావు
పిండశాస్త్రం గారూ, ధన్యవాదాలు. నేను ఒంటరిని కాదన్నమాట.

పిండశాస్త్రం
మీ పక్షాన అని కాదండీ, పూర్తిగా వినండి. 2011లో జపాన్ పరిశోధకులు కోడి పిండంలో కణాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి గమనించారు. స్థానం ఏదైనా, ఆ వేళ్లు పెరిగే తీరు మాత్రం మొదటి మూడు వేళ్లదే. స్థానం జరిగింది, గుర్తింపు జరగలేదు. అందుకే ఈ తేడా డైనోసార్ల వాదాన్ని కూల్చదని నేనూ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ ఎముకలు చూసేవాళ్లు పిండాన్ని పట్టించుకోకపోవడం మాత్రం తప్పు. ఎందుకంటే మణికట్టు విషయంలో పిండమే గెలిచింది.

రాతిపొర
మీరు 2025లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన పేపర్ గురించేనా? చెప్పండి, మీరు చెబితేనే బాగుంటుంది.

పిండశాస్త్రం
అవును అదే. అందరూ ఒక చిన్న పని చేయండి. కుడి చెయ్యి వెల్లకిలా పెట్టి, చిటికెన వేలు కిందుగా, మణికట్టు మడత దగ్గర ఎడమ చేతి వేలితో నొక్కండి. బఠాణీ గింజంత గట్టిగా ఒకటి తగులుతుంది. చెయ్యి వదులుగా పెడితే అటూ ఇటూ కాస్త కదులుతుంది కూడా. ఇంగ్లీషులో దాన్ని పిసిఫార్మ్ అంటారు, ఆ మాటకే బఠాణీ ఆకారం అని అర్థం.

పక్షి రెక్క మణికట్టులో వేరే ఎముక ఒకటి ఉంటుందని పాత పుస్తకాలు రాశాయి. పిండాలు చూసినవాళ్లు కాదన్నారు. మొదట్లో కనిపించే ఆ ఎముక మాయమైపోతుంది, దాని చోట్లోకి ఈ బఠాణీ ఎముక జరిగి పెద్దదవుతుంది అన్నారు. అది రెక్కని పట్టి ఉంచుతుంది. మోచేయి మడిస్తే మణికట్టు తనంతట తానే మడుచుకోవడంలో దాని పాత్ర ఉంది. ఈ మార్పు పక్షులతోనే వచ్చిందని అందరూ అనుకున్నారు. 2025లో మంగోలియా శిలాజాలు రెండింటిని స్కాన్ చేశారు. ఒకటి ఇందాక తోకచుక్క చెప్పిన సిటిపాటి, రెండోది ట్రూడాంటిడ్ అనే, పక్షులకి దగ్గరి చుట్టాలైన డైనోసార్ల కుటుంబానిది. రెండింటి మణికట్టులోనూ ఆ బఠాణీ ఎముక అప్పటికే జరిగి ఉంది. ఎగరని ప్రాణుల్లో!

చిట్టితల్లి_నాన్న
నొక్కాను. తగిలింది! అమ్మాయి చేతిలో కూడా వెతికాం, దానిది కందిగింజంత ఉంది. మా ఆవిడ కూడా వచ్చి చెయ్యి చాపింది. ఇన్నేళ్లూ నా ఒంట్లో ఇదొకటి ఉందని తెలియదు.

పశువైద్యుడు_77
నేను రోజూ రెక్కలు కట్టు కడతాను. మోచేయి మడిస్తే రెక్క మొత్తం దానంతట అదే ముడుచుకుంటుంది, మడత కుర్చీలా. ఆ సులువుకి మూలం గూటి మీద కూర్చునే సిటిపాటి చేతిలో ఉందంటే ఒళ్లు జలదరిస్తోంది.

సందేహాలరావు
సరే. వేళ్లు, మణికట్టు, ఊపిరి అన్నీ విన్నాను. నా మొదటి అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. కానీ చిట్టితల్లి_నాన్న గారు అడిగిన అసలు ప్రశ్న అలాగే ఉంది. ఆర్కియోప్టెరిక్స్ పక్షా, కాదా?

మట్టిమనిషి
పక్షి అన్నది మనం పెట్టుకున్న మాట. గీత ఎక్కడ గీయాలన్నది మన ఇష్టం. ప్రకృతిలో గీత లేదు.

రాతిపొర
ఇక్కడ మట్టిమనిషితో విభేదిస్తాను. పేరు మన ఇష్టమే, కానీ బంధుత్వం మన ఇష్టం కాదు. ఎవరు ఎవరికి దగ్గరన్నది జరిగిపోయిన సంగతి, దానికి ఒకే ఒక్క సరైన జవాబు ఉంటుంది. మనకి ఇంకా పూర్తిగా దొరకలేదు, అంతే.

ఎందుకు దొరకడం లేదంటే, కొమ్మలు విడిపోయే చోట ప్రాణులన్నీ ఒకేలా ఉంటాయి. అన్నీ కాకి అంత, పావురమంత. అన్నిటికీ ఈకలు, పళ్లు, పొడుగు తోక. వందల లక్షణాలు పట్టికలో పెట్టి కంప్యూటర్‌తో పోల్చినా తేడా ఐదారు లక్షణాల మీద ఆగుతుంది. 2011లో షావోటింగియా అనే కొత్త శిలాజాన్ని ఆ పట్టికలో చేర్చగానే ఆర్కియోప్టెరిక్స్ పక్క కొమ్మకి ఒరిగింది. 2013లో ఆరోర్నిస్ చేర్చగానే తిరిగి వచ్చింది. త్రాసు రెండు వైపులా దాదాపు సమంగా ఉన్నప్పుడు ఒక్క గింజ వేసినా ముల్లు అటో ఇటో ఊగుతుంది. అది త్రాసు తప్పు కాదు.

నిశాచరి
ఈకలు లేకపోతే వీటిని గుర్తుపట్టడం ఎంత కష్టమో చూడండి. జర్మనీలో 1951లో దొరికిన ఒక ఆర్కియోప్టెరిక్స్‌ని ఇరవై ఏళ్లకి పైగా కాంప్సోగ్నాథస్ అనే చిన్న డైనోసార్ అనుకున్నారు. ఈకల అచ్చులు మసగ్గా ఉన్నాయి, ఎముకలు చూస్తే డైనోసారే. 1973లో గుర్తుపట్టారు. అంటే అనుభవం ఉన్నవాళ్లే ఎముకలు చూసి తేడా చెప్పలేకపోయారు. బంధుత్వానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

తోకచుక్క
నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో ఉన్న రాయి ఇంకా విచిత్రం. 1857లో ఎగిరే సరీసృపం టెరోసార్ అన్నారు. 1970లో జాన్ ఆస్ట్రమ్ అనే శిలాజ శాస్త్రవేత్త చూసి ఆర్కియోప్టెరిక్స్ అన్నారు. 2017లో అదీ కాదు, ఆంకియోర్నిస్ చుట్టం అని తేల్చి, ఆస్ట్రమ్ పేరు మీదే ఆస్ట్రోమియా అని పేరు పెట్టారు. రాయి కదల్లేదు, చీటీ మారుతూ వచ్చింది.

విహంగప్రియ
షికాగో నమూనా గురించి ఎవరూ రాయలేదేంటి? నాకు అన్నిటికంటే అదే ఇష్టం.

రాతిపొర
దానికే వస్తున్నా. ఫీల్డ్ మ్యూజియానికి 2022లో చేరిన ఆర్కియోప్టెరిక్స్, మనకి తెలిసినవాటిలో పద్నాలుగోది, పావురం కంటే చిన్నది. జింగ్‌మాయ్ ఓకానర్ బృందం 2025లో ప్రకటించింది. రాయి శుభ్రం చేయడానికే ఏడాదికి పైగా పట్టింది. ఎముక రంగూ రాయి రంగూ ఒకటే కావడంతో, అతినీలలోహిత కాంతి వేసి చూస్తూ తొలిచారు. ఆ కాంతిలో మెత్తటి కండ, చర్మం గుర్తులు మెరుస్తాయి. పాత నమూనాల్లో ఇలాంటివి ఎన్ని గీకేశారో అనిపిస్తుంది.

అందులో కనిపించిన ముఖ్యమైన సంగతి, మోచేతికీ ఒంటికీ మధ్య, పై చేతి మీద పొడవైన ఈకల వరస. ఎందుకంత ముఖ్యం? ఆర్కియోప్టెరిక్స్‌కి భుజం నుంచి మోచేయి దాకా ఉన్న ఎముక పొడుగు. ముంజేతి ఈకలు ఒక్కటే ఉంటే, రెక్కకీ ఒంటికీ మధ్య పెద్ద సందు మిగులుతుంది. గాలి ఆ సందులోంచి జారిపోతే ఒంటిని పైకి లేపే బలం రాదు. ఈ ఈకలు ఆ సందు మూస్తాయి. ఎగరని ఈకల డైనోసార్లలో ముంజేతి ఈకలు మోచేయి దగ్గరే ఆగిపోతాయి. అంటే ఆర్కియోప్టెరిక్స్ ఎగిరేదనడానికి ఇది బలమైన ఆధారం.

పశువైద్యుడు_77
పావురం రెక్క చాపి వీపు వైపు నుంచి చూస్తే ఆ ఈకలు ఇప్పుడూ కనిపిస్తాయి. రెక్క ముడిచినప్పుడు అన్నిటికీ పైన కప్పుకునేవి అవే. రోజూ చూస్తున్నా, వాటికి ఇంత కథ ఉందని అనుకోలేదు.

పిండశాస్త్రం
అదే షికాగో నమూనా పాదాల కింద మెత్తలు కూడా మిగిలాయి, నేల మీద బాగా నడిచేదని చెబుతున్నాయి. కాబట్టి మైనా లాగానో పావురం లాగానో నేల మీదే ఎక్కువసేపు తిరుగుతూ, అవసరమైనప్పుడు కాస్త దూరం ఎగిరేదని ఊహించొచ్చు. 2018లో ఎముక గోడల మందం కొలిచినవాళ్లు కూడా గద్దలా తేలేది కాదు, ఒక్క ఉదుటున కొంచెం దూరం రెక్కలు కొట్టుకుంటూ వెళ్లేదన్నారు.

మట్టిమనిషి
అయితే మొదటి పక్షి బిరుదు దానికే ఉంచేద్దామా?

తోకచుక్క
అదీ కుదరదు. అదే 2025లో చైనాలోని ఫుజియన్ నుంచి బామినోర్నిస్ వచ్చింది. వయసు 14.9 కోట్ల ఏళ్లు, ఆర్కియోప్టెరిక్స్‌కి దాదాపు సమకాలం. కానీ దాని తోక ఇవాళ్టి పక్షిలా పొట్టిది, చివరి ఎముకలు కలిసిపోయి చిన్న ముద్దయ్యాయి. అంటే ఆ కాలానికే పక్షులు రెండు మూడు రకాలుగా విడిపోయి తిరుగుతున్నాయి. మొదటిది ఇంకా పాత రాళ్లలో ఎక్కడో ఉండాలి.

సందేహాలరావు
తోక కలిసిపోవడం నిజంగా పెద్ద విషయం. మయన్మార్ అంబర్‌లో (గట్టిపడి రాయిలా మారిన చెట్టు జిగురు) దొరికిన తోక చూశాను, 2016 నాటిది. ఈకలతో సహా ఉంది, కానీ లోపల ఎముకలు విడివిడిగా, పొడవుగా. దాన్ని బట్టే పక్షిది కాదు, డైనోసార్‌ది అని తేల్చారు కదా.

రాతిపొర
సరిగ్గా చెప్పారు. ఇప్పుడు మీరే మాకు పాఠం చెబుతున్నారు.

నిశాచరి
ఎగరడానికి ఇది ఒక్కటే దారి కాదని కూడా పిల్లకి చెప్పండి. 2015లో వచ్చిన యీ చీ ఉంది కదా, ఈకలున్న చిన్న డైనోసారే, కానీ మణికట్టు నుంచి పుల్లలాంటి ఎముక పొడుచుకొచ్చి, దానికి గబ్బిలానికున్నట్టు చర్మపు పొర. 2019లో ఆంబోప్టెరిక్స్ అనే దాని చుట్టానికీ అదే ఏర్పాటు కనిపించింది. ఆ కొమ్మ ముందుకు సాగలేదు. ఎన్ని రకాలుగా ప్రయత్నం జరిగిందో!

చిట్టితల్లి_నాన్న
అందరికీ చాలా చాలా థాంక్స్. అర్ధరాత్రి దాకా నాతో కూర్చున్నారు. అమ్మాయికి ఇందాక అంతా చెప్పాను, వేళ్లు, బఠాణీ ఎముక, నిద్రపోయే డ్రాగన్. విని, బొమ్మలో ఏమైనా తప్పుందా అడగమంది. చేతులు ముందుకి చాపి, అరచేతులు నేల వైపు పెట్టింది.

పిండశాస్త్రం
ఆ ఒక్కటి మార్చమనండి. వాటి మణికట్టు అలా తిరగదు. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా, చప్పట్లు కొట్టబోతున్నట్టు ఉండాలి. రెక్క ముడుచుకునేది కూడా ఆ దిశలోనే.

చిట్టితల్లి_నాన్న
మార్చింది. ఇప్పుడు రంగు అడుగుతోంది. ఏం రంగు వెయ్యాలి?

రాతిపొర
వెలోసిరాప్టర్ ఈకలు మిగల్లేదు కాబట్టి తనకి నచ్చిన రంగు వెయ్యొచ్చు, ఎవరూ తప్పు పట్టలేరు. రంగు ఆధారంతో వెయ్యాలనుకుంటే మైక్రోరాప్టర్ వెయ్యమనండి. ఈకల్లో రంగు నింపే సూక్ష్మ సంచుల ఆకారం శిలాజంలో మిగిలింది. వాటిని ఇవాళ్టి పక్షులవాటితో పోల్చి, నల్లగా ఉండి ఎండలో నీలంగా మెరిసేదని 2012లో చెప్పారు. కాళ్లకీ పొడుగాటి ఈకలు మర్చిపోవద్దు, మొత్తం నాలుగు రెక్కలు.

విహంగప్రియ
కాకిని ఎండలో చూపించండి. మెడ దగ్గర నలుపు ఒక పక్క నీలంగా తిరుగుతుంది కదా, ఆ మెరుపు.

చిట్టితల్లి_నాన్న
కొత్త కాగితం తీసింది. కాళ్ల ఈకలు ముందు గీసేసింది. ఇప్పుడు నల్ల పెన్సిల్ మీద నీలం పెన్సిల్ గట్టిగా రుద్దుతోంది, ముక్కు విరిగితే నన్ను చెక్కిపెట్టమంటోంది. పొద్దున్నే కాకి కోసం మేడెక్కాలట.